ఫెర్నేలో ఒక పూట

జెనీవాలో కోర్నవాన్ స్టేషన్ ముందు బస్సెక్కి కొంతదూరం వెళ్ళాక, పాస్‌పోర్టు హోటల్ గదిలోనే ఉండిపోయిందని గుర్తుకొచ్చి గుండె గుభేలుమంది. నేను వెళుతున్న ఫెర్నే-వోల్టేర్ ఫ్రాన్సులో ఉంది. అయితే సరిహద్దులో బస్సు ఆగనూ లేదు, నన్నెవరూ అడగనూ లేదు. ఆ సరిహద్దును నమ్ముకొనే ఫ్రెంచి రచయిత వోల్టేర్ 1758 చివర్లో ఇక్కడి జమీను కొనుగోలుకు బేరం కుదుర్చుకున్నాడు. పారిస్‌లో దొరతనానికి కోపం వస్తే జెనీవాకు, జెనీవా మతపెద్దలకు కోపం వస్తే ఫ్రాన్సుకు బండెక్కి దాటిపోవచ్చునన్నది ఆయన లెక్క. అప్పటికే రెండుసార్లు బాస్తీయ్ జైలు చూసినవాడు కాబట్టి ఆ ముందుచూపును తప్పుపట్టలేము.

వోల్టేర్ కోట ఆవరణలో నన్ను ముందుగా నిలబెట్టింది ఒక చిన్న చర్చి. జీవితమంతా మతాధికారంతో తగవు పెట్టుకున్నవాడు తన ఖర్చుతో కట్టించిన చర్చి అది. ముఖభాగం మీద లాటిన్‌లో ‘దేవునికై వోల్టేర్ నిర్మించెను’ అని, రోమన్ అంకెలలో 1761 అని చెక్కి ఉంది. ఆయన దేవుణ్ణి నమ్మాడు, మధ్యవర్తులను నమ్మలేదు. అందుకే ఏ సెయింటు పేరూ పెట్టలేదు. ఊరికే ఉండలేక అక్షరాలు లెక్కపెట్టాను: లాటిన్‌లో దేవుడికి మూడు, వోల్టేర్‌కు ఎనిమిది.

చర్చి గోడకు ఆనించి ఆయన తనకోసం కట్టించుకున్న పిరమిడ్ ఆకారపు సమాధి ఖాళీగానే మిగిలింది, ఎందుకంటే ఆయన 1778లో పారిస్‌లో కన్నుమూశాడు. గదులలో పుస్తకాలు కూడా లేవు. దాదాపు ఏడు వేల సంపుటాల ఆ గ్రంథాలయాన్ని రష్యా రాణి కేథరిన్ కొని తెప్పించుకుంది, అదిప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. ఇక్కడ ఆయన నాటకశాల నడిపాడు. ఫ్రెంచి నాటకకర్త రసీన్ బాటలో, స్థల కాల కార్యాల ఐక్యతను (ఒకే చోట, ఒకే రోజులో, ఒకే కథ నడవాలన్న నియమాన్ని) పాటిస్తూ రాసిన విషాదాంత నాటకాలే తనను చిరంజీవిని చేస్తాయని భావించాడు. వాటినిప్పుడు ఆడేవారు అరుదు, కాగా 1759లో తన పేరు పెట్టకుండా అచ్చువేయించి, నాది కాదని బుకాయించిన వ్యంగ్య నవల ‘కాండీడ్’ను మాత్రం లోకమంతా చదువుతోంది.

నన్ను ఇంతదూరం రప్పించింది మాత్రం నాటకాలు కావు, లాలీ. చిన్నప్పుడు చరిత్ర పాఠంలో ఫ్రెంచి సేనాని బుస్సీని హైదరాబాదు నుండి వెనక్కి పిలిపించి ఉత్తర సర్కారులు పోగొట్టినవాడిగా మాకు పరిచయమైన ఆ ఫ్రెంచి సేనాపతి కౌంట్ లాలీయే. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచివారు ఇంగ్లీషువారి చేతిలో ఓడారు, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం పోయింది, 1761 జనవరిలో పుదుచ్చేరి లొంగిపోయింది. ఓటమికి ఒక తల కావలసివచ్చింది. రాజద్రోహం మోపి 1766 మేలో పారిస్‌లో, నోరు మెదపకుండా గుడ్డలు కుక్కి మరీ, లాలీ తల నరికారు. మతద్వేషంతో 1762లో తూలూజ్ న్యాయస్థానం చంపించిన ప్రొటెస్టెంటు వర్తకుడు జాన్ కలాస్ కోసం మూడేళ్ళు పోరాడి, 1765లో అతడు నిర్దోషి అనిపించిన వోల్టేర్, ఈ కేసునూ వదలలేదు. లాలీ చేతగాని సేనాని, మొండివాడు కావచ్చు గానీ ద్రోహి కాడని, 1773లో మన దేశం గురించి రాసిన పుస్తకంలో వాదించాడు. ఫ్రెంచివారు మన ఊళ్ళు పోగొట్టుకున్న కథ వెనుక ఉన్న ఈ న్యాయపోరాటం మా పాఠంలో ఒక్క ముక్క కూడా లేదు.

ఆయనకు మన దేశం మీద గౌరవం ఎక్కువే, ఆ గౌరవమే ఒకసారి బోల్తా కొట్టించింది. పుదుచ్చేరి నుండి వచ్చిన ‘ఎజుర్ వేదం’ అనే ఫ్రెంచి రాతప్రతిని ప్రాచీన గ్రంథమని నమ్మి, 1761లో రాజుగారి గ్రంథాలయానికి సమర్పించాడు. అది జెస్యూట్ (ఒక కాథలిక్ మతసంఘం) మిషనరీల కల్పనని తర్వాత తేలింది. అర్చకుల మాయలను ఎండగట్టినవాడు వాళ్ళ చేతిలోనే మోసపోవడం నాకు కొంచెం సరదాగా, కొంచెం జాలిగా అనిపించింది.

తోటలో, చెట్ల కొమ్మలను పందిరిలా అల్లిన బాట ఒకటుంది. కార్యదర్శికి ఉత్తరాలు చెబుతూ ఆయన నడిచే బాట అది. లాలీ మీద తీర్పు రద్దయిందన్న కబురు మాత్రం ఆయనకు పారిస్‌లో, మంచం మీద అందింది. మే 26న, చనిపోవడానికి నాలుగు రోజుల ముందు, లాలీ కొడుక్కి చిన్న ఉత్తరం చెప్పి రాయించాడు. ఆ పందిరి కింద చివరిదాకా ఒకసారి నడిచి, బస్సు కోసం ఊళ్ళోకి దిగాను.