పెళ్ళి తేదీ మారిన ఏడాది: దేవుని సమయం గురించి నా అనుభవం

మా పెద్దమ్మాయి వివాహం 2025 ఫిబ్రవరి ఆఖరులో జరిపించాలని రెండు కుటుంబాలవాళ్ళమూ అనుకున్నాం. ఆ నెల దాటితే మార్చి 5న భస్మ బుధవారం, అక్కడి నుంచి ఏప్రిల్ 20న ఈస్టర్ వరకు శ్రమల కాలం. ఆ రోజుల్లో మా సంఘంలో పెళ్ళిళ్ళు జరిపించరు. ప్రధానం, అంటే నిశ్చితార్థం, అయింది. చిత్తూరులో మా గుడిలోనూ, మదనపల్లెలో అబ్బాయివాళ్ళ గుడిలోనూ మూడేసి ఆదివారాలు వివాహ ప్రకటనలు చదివారు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. శుభలేఖలు అచ్చుకు ఇవ్వబోతుండగా వియ్యంకుడిగారికి గుండెనొప్పి వచ్చింది. తమిళనాడులోని రాయవేలూరు (వేలూరు) ఆసుపత్రికి తీసుకుపోతే బైపాస్ ఆపరేషన్ చేయాలన్నారు.

చిత్తూరు మిట్టూరులో గురువారం సాయంత్రాలు జరిగే మా గృహ కూడికలో ఆ వారం చాలామంది నాతో అన్న మాట ఒక్కటే: "దేవుని సమయం ఇంకా రాలేదు, అంతే." ప్రేమతో అన్నదే గాని, ఆ మాట నాకు మింగుడుపడలేదు. మా ఇంటి పెళ్ళి తేదీ మార్చడానికి దేవుడు ఒక మనిషి గుండె రక్తనాళాలు మూసుకుపోయేలా చేశాడని అనుకోవడం నాకు చేతకాదు. ఆ రాత్రి నా బాధను తగ్గించింది మాత్రం, నర్సుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దామె. ఆమె వాక్యమేదీ ఎత్తలేదు. "తేదీ సంగతి తర్వాత చూసుకుందాం నాయనా, ముందు ఆసుపత్రిలో వాళ్ళకు తోడు ఎవరుంటారో చెప్పండి" అన్నది. మదనపల్లె నుంచి వేలూరుకు రావాలంటే చాలా దూరం, చిత్తూరు నుంచి అయితే గంటపైన బస్సు ప్రయాణం. కాబట్టి మా సంఘం వాళ్ళు వంతులు వేసుకున్నారు. యువకులు రక్తం ఇచ్చారు, స్త్రీల సమాజం వాళ్ళు అన్నం క్యారియర్లు పంపారు. ఒక వారంలో రెండు కుటుంబాల మధ్య ఏర్పడిన దగ్గరితనం ప్రధానం నాడు కూడా లేదు.

శ్రమల కాలంలో మా సంఘ కాపరి అయ్యగారు కూడికలో, బైబిలులో పారసీక రాజు కొలువులో ఉన్న యూదుడు నెహెమ్యా గురించి చెప్పారు. యెరూషలేము గోడలు పడిపోయి ఉన్నాయన్న వార్త ఆయనకు కిస్లేవు మాసంలో తెలిసింది. రాజుతో నోరు విప్పింది నీసాను మాసంలో, అంటే దాదాపు నాలుగు నెలల తర్వాత. అంతకాలమూ ప్రార్థన చేశాడు, నిజమే. అయితే రాజు "నీకు ఏమి కావాలి" అని అడిగేసరికి ఎన్నాళ్ళు పడుతుందో, ఏ అధికారులకు తాకీదులు రాయించుకోవాలో, కలప ఎవరి దగ్గర తీసుకోవాలో అన్నీ ఆయన దగ్గర సిద్ధంగా ఉన్నాయి. దేవుని కోసం కనిపెట్టుకొని ఉండడం అంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం అని అంతవరకు నాకు చెప్పినవాళ్ళందరి మాట కంటే ఈ లెక్క నాకు నచ్చింది.

వియ్యంకుడిగారు కోలుకున్నారు, మే నెలలో పెళ్ళి పెట్టుకుందామన్నారు. ఇంతలో సరిగ్గా ఈస్టర్ ఆదివారం నాడే, ఏప్రిల్ 20న, ప్రభుత్వ టీచర్ల ఉద్యోగాలకు మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. 16,347 పోస్టులు, ముఖ్యమంత్రి తొలి సంతకం చేసిన 2024 జూన్ నుంచి ఎదురుచూస్తున్న నోటిఫికేషన్. పరీక్షలు జూన్ 6 నుంచి. తిరుపతిలో కోచింగ్ తీసుకొని ఉన్న మా అమ్మాయి, "పరీక్ష అయ్యేదాకా ఆగుదాం నాన్నా" అన్నది. వియ్యాలవారికి ఈ మాట ఎలా చెప్పాలా అని నేను తటపటాయిస్తుంటే, ఆసుపత్రి రోజుల పుణ్యమా అని వాళ్ళే ముందుగా ఫోన్ చేసి, చదువుకోనివ్వండి అన్నారు.

తేదీ మారితే కాగితాలూ మారతాయి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, నోటీసు మీద సంఘ కాపరి ధ్రువపత్రం ఇచ్చిన తేదీ నుంచి రెండు నెలల లోపల పెళ్ళి జరగకపోతే ఆ పత్రం చెల్లదు. కనుక నోటీసు మళ్ళీ ఇచ్చాం, ప్రకటనలు మళ్ళీ చదివించాం. రెండోసారి పేర్లు వినిపించినప్పుడు గుడిలో కొందరు ముసిముసిగా నవ్వుకున్నారు.

జూన్‌లో ఇంకో దెబ్బ తగిలింది. పెళ్ళి ఖర్చు మా తోతాపురి మామిడి తోట మీద పెట్టుకొని ఉన్నాను. ఆ ఏడు ధర కుప్పకూలింది. కాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి వరుసకట్టాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించినా, మా కాయలు దిగిన చోట ఆ 8 కూడా రాలేదు. ఫలానా పట్టణానికి పోయి వ్యాపారం చేసి లాభం సంపాదిస్తామని చెప్పుకునేవారిని, రేపు ఏమి సంభవిస్తుందో మీకు తెలియదని బైబిలులో యాకోబు తన పత్రికలో మందలించే భాగం ఎన్నోసార్లు చదివి ఉంటాను. తోటలో నిలబడి చదివితే అది వేరే పుస్తకంలా ఉంది.

జూలై రెండో వారం అనుకున్నాం. వెంటనే గుసగుసలు మొదలయ్యాయి: పెళ్ళిళ్ళు చేయని ఆషాఢం కదా, అది పోతే తమిళుల ఆడి మాసం కదా అని. ఈ మాట అన్నవాళ్ళలో హిందూ బంధువులు తక్కువ, మా విశ్వాసులే ఎక్కువ! కాలగతులు దేవుని వశంలో ఉన్నాయని ఆదివారం పాడి, సోమవారం గోడ క్యాలెండరు చాటుగా చూసే అలవాటు మాలో చాలామందికి ఉంది. దేవుని సమయం అనేదాన్ని కూడా ఒక రకం ముహూర్తంలా, ఎక్కడో దాగి ఉండి మనం పట్టుకోవలసిన ఘడియలా చూడడం దీనికి అన్నదమ్ముల వరసే. ముహూర్తాలు లేవు గనుక కల్యాణ మండపం ఖాళీగా ఉంది, అద్దె కూడా బాగా తగ్గించారు. దాన్ని దేవుని నడిపింపు అనాలో ఆషాఢం బేరం అనాలో నేను తేల్చుకోలేదు. మామిడి డబ్బు రాని ఏడాదిలో రెండింటికీ స్తోత్రం చెప్పుకున్నాను. ఉదయం గుడిలో పెళ్ళి, మధ్యాహ్నం మండపంలో భోజనం. రాయవేలూరులో వంతులు వేసుకున్నవాళ్ళే వడ్డనకూ నిలబడ్డారు.

ఆగస్టులో డీఎస్సీ ఫలితాలు వచ్చాయి. మా అమ్మాయికి ఉద్యోగం రాలేదు. "ఇందుకేనా పెళ్ళి ఆపింది?" అని ఒక బంధువు అడిగాడు. ఉద్యోగం వచ్చి ఉంటే ఆయనే గుడిలో లేచి నిలబడి, ఇది దేవుని సమయం అని సాక్ష్యం చెప్పేవాడేమో. ఫలితం బాగుంటే దేవుని సమయం, బాగుండకపోతే మన తొందరపాటు అనే ఈ లెక్క నాకు ఒప్పుదల కాదు. మా అమ్మాయి చదవాలనుకుంది, చదివింది, రాసింది. ఆ పిల్ల కోసం రెండు ఇళ్ళు ఆగాయి. ఆగినందుకు బదులుగా ఏదో రావాలని మేము దేవునితో ఒప్పందం చేసుకోలేదు.

ఆమె మదనపల్లెలో ఒక ప్రైవేటు బడిలో చేరి, వచ్చే నోటిఫికేషన్‌కు చదువుకుంటోంది. నేను వచ్చే కాపుకు తోట ఖర్చు లెక్క రాసుకున్నాను: మంచి ధర వస్తే ఒక పేజీ, 8 రూపాయలే వస్తే ఇంకో పేజీ.