యాడి అంటే అమ్మ

జూన్‌లో అంగన్‌వాడీలు తెరిచిన రోజు నుంచి మా ఊరి కేంద్రానికి వెళ్తున్నాను. ఉద్యోగం కాదు, జీతమూ లేదు. ఇంటర్ పూర్తయింది, టీచరు శిక్షణ కోర్సుల ప్రవేశ పరీక్ష డీఈఈసెట్ రాశాను, కౌన్సెలింగ్‌కు ఇంకా సమయం ఉంది. బడి పిల్లలకు పాఠాలు చెప్పే డీఎల్‌ఈడీకి, అంతకంటే చిన్నవాళ్ల కోసం ఉన్న ప్రీస్కూల్ డిప్లొమాకు పరీక్ష ఒక్కటే. రెండింటిలో ఏది నాకు తగినదో తేల్చుకోలేకపోయాను. పిల్లల మధ్య కొన్నాళ్లు కూర్చుంటే తెలుస్తుందనిపించింది. సూపర్‌వైజర్ మేడంకు ఉత్తరం రాసిచ్చాను, ఆవిడ ఒప్పుకున్నారు.

మాది దేవరకొండ వైపు. ఊరి చుట్టూ తండాలే. కేంద్రం అంటే ఒక పెద్ద గది, వంటకు పక్కన చిన్న గది, మూలన బరువు తూచే యంత్రం. రిజిస్టరులో ఇరవై రెండు పేర్లున్నాయి. వానలు పడి పత్తి గింజలు పెట్టే పని మొదలైతే, కూలికి వెళ్లే తల్లులు పిల్లలను పొద్దున్నే దించి వెళ్తారు. ఆ రోజుల్లో అందరూ వస్తారు. పని లేని రోజున సగం మందే.

మొదటి వారం నేను పలకలు పంచి అ, ఆ దిద్దించబోయాను. టీచరమ్మ వారించలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మాత్రం ఒక నాలుగేళ్ల బాబును నా ముందు కూర్చోబెట్టి, వాడి పళ్లెంలో ఉడికిన గుడ్డు పెట్టి, "వాడే ఒలుచుకోవాలి, నువ్వు చెయ్యి పెట్టకు" అన్నారు. వాడు గుడ్డును నేలకేసి రెండుసార్లు కొట్టాడు. పెంకు పగిలింది కానీ ఊడి రాలేదు. గోరుతో గీకాడు, అరచేత్తో రుద్దాడు. చివరికి బొటనవేలు, చూపుడువేలు కలిపి పెంకు కింది పల్చటి పొరను పట్టుకుని మెల్లగా లాగాడు. నాలుగైదు పెంకు ముక్కలు ఒకేసారి ఊడి వచ్చాయి. తెల్లసొన అక్కడక్కడా గుంటలు పడింది. వాడు దాన్ని తినకుండా చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఆ రెండు వేళ్లే రేపు బలపం పట్టుకునేవి" అన్నారు టీచరమ్మ. ఆ తర్వాత ఆమె చేయించే ప్రతి పనినీ నేను వేరే కళ్లతో చూశాను. చింతగింజలు ఏరడం, బంకమట్టితో పాములు చేయడం, సీసా మూతలు బిగించడం, కాగితం చింపి అతికించడం, అన్నీ చేతికి బలం తెచ్చేవే. ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్న మనిషి ఆమె. తెల్లారి లేచిన దగ్గర నుంచి సర్వేలు, బరువులు, ఫోనులో వివరాల నమోదు. ఇవన్నీ చేస్తూనే పిల్లల పక్కన నేల మీద కూర్చునే తీరిక ఎలా చేసుకుంటారో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఒక తల్లి మాత్రం గుమ్మంలో నిలబడి గట్టిగానే అడిగింది. పక్క ఊరి ప్రైవేటు బడిలో మూడేళ్ల పిల్లలు ఏబీసీడీలు రాస్తున్నారట, ఇక్కడేమో గింజలతో ఆడిస్తున్నారట. ఆమెను తప్పు పట్టలేను. ఎండలో రెక్కలు ముక్కలు చేసుకునే మనిషి, కూతురికి ఆ బతుకు వద్దనుకుంటోంది. కానీ మూడేళ్ల పిల్ల చేత పుస్తకాలకు పుస్తకాలు రాయించడం మాత్రం తప్పేనని నా గట్టి నమ్మకం. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే దశగా చూసి, ఆటపాటలతోనే నేర్పమంటోంది. ఆ మాట గుమ్మం దాటి తల్లిదండ్రుల దాకా చేరలేదు.

ఇక చిట్టి గురించి చెప్పాలి. అసలు పేరు రాయను. తండా నుంచి కొత్తగా వచ్చిన మూడేళ్ల పాప. వచ్చిన రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. పాటకు పెదవి కదపదు, పిలిస్తే తల తిప్పదు. పదో రోజున నా నోటుపుస్తకంలో "మాటలు ఆలస్యం" అని రాసుకున్నాను.

ఆ మర్నాడే కిటికీ ఊచలు పట్టుకుని ఏడుపు అందుకుంది. దగ్గర కూర్చుని, "ఎవరు కావాలి తల్లీ?" అని అడిగాను. "యాడీ" అంది. మా వైపు 'ఎక్కడ' అనడానికి 'యాడ' అంటారు. ఎవరో ఎక్కడున్నారని అడుగుతోందనుకుని, "ఎవరి కోసమమ్మా?" అన్నాను. "యాడీ" అని ఇంకా గట్టిగా అరిచింది. నేను మళ్లీ అదే అడిగాను. ఆ పాప నా ముఖంలోకి చూసి, ఊచలు వదిలేసి నేల మీద చతికిలబడింది.

ఆయమ్మ వంట దగ్గర నుంచి తడి చేతులతోనే వచ్చి పాపను ఎత్తుకుంది. ఆమెదీ తండానే. చెవిలో వాళ్ల భాషలో ఏదో చెప్పింది. అంతే, చిట్టి గడగడా మాట్లాడటం మొదలుపెట్టింది. ఎక్కిళ్ల మధ్య ఆగకుండా, వేలెత్తి చూపిస్తూ, కళ్లు పెద్దవి చేస్తూ. "యాడి అంటే అమ్మ, బిడ్డా" అంది ఆయమ్మ నాతో.

నేను అడిగిన ప్రతిసారీ ఆ పాప సరైన జవాబే చెప్పింది. లంబాడీ రాజస్థానీకి దగ్గరి భాష, తెలుగుతో చుట్టరికం లేదు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగాను, తండా పిల్లలతో కలిసి బస్సెక్కాను, అయినా వాళ్లు అమ్మను ఏమని పిలుస్తారో నాకు తెలియదు. ఆ రాత్రి "మాటలు ఆలస్యం" అన్న మాట కొట్టేశాను. దాని కింద ఆయమ్మ చెప్పిన మాటలు తెలుగు లిపిలో రాసుకున్నాను. యాడి, అమ్మ. బాటి, రొట్టె. పాణి, నీళ్లు.

తర్వాతి వారం టీచరమ్మ బొమ్మల చార్టు ముందు ప్రతి మాటా రెండుసార్లు చెప్పించారు. అమ్మ బొమ్మ మీద కర్ర పెట్టగానే పిల్లలంతా "అమ్మ! యాడి!" అని గది ఎగిరిపోయేలా అరిచేవారు. మొదటి రోజు చిట్టి అరవలేదు, వాళ్ల నోళ్ల వంక చూస్తూ కూర్చుంది. మూడో రోజున అందరికంటే ముందు తానే అంది, రెండు మాటలూ.

కౌన్సెలింగ్ ఆప్షన్లలో ప్రీస్కూల్ డిప్లొమా కాలేజీలను పైన పెట్టాను. ఇంట్లో నాన్న ఇంకా ఒప్పుకోలేదు.

నిన్న తండా నుంచి మరో బాబు వచ్చాడు. వాళ్ల అమ్మ మలుపు తిరిగే దాకా చూసి, అదే కిటికీ దగ్గర అదే ఏడుపు. నేను లేవబోయేలోపే, గుడ్డు ఒలిచిన మా బాబు వెళ్లి పక్కన నిలబడ్డాడు. వాడి ఇంట్లో తెలుగు తప్ప మరో భాష లేదు. జేబులోంచి రెండు చింతగింజలు తీసి ఆ పిల్లవాడి చేతిలో పెట్టి, "ఏడవకు, సాయంత్రం యాడి వస్తుంది" అన్నాడు.