రిక్వైర్‌మెంట్స్ సమావేశానికి మార్కులు వేసేదెలా?

స్టుట్‌గార్ట్‌లో ఉంటూ, విజయవాడ శివార్లలోని కేసరపల్లి బృందంతో కలిసి గిడ్డంగుల సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నాను. సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో ఖాతాదారును అడిగి రాసుకునే రిక్వైర్‌మెంట్స్ సమావేశం ముగియగానే, అది ఎలా జరిగిందో అయిదు మార్కులకు అంచనా వేయమని యాజమాన్యం అందరికీ ఒక ఫారం పంపుతుంది. మనవాళ్లు అయిదుకు తక్కువ వేయరు, జర్మన్లు మూడు దాటరు. ఆ సగటులో తేలేది మర్యాదల తేడాయే.

ఇలాంటి అవసరాలను ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణాలను ఆశ్రయిద్దామంటే, 1998 నాటి ఐఈఈఈ 830 గానీ, 2011లో వచ్చి 2018లో సవరణ పొందిన ఐఎస్‌ఓ 29148 గానీ అవసరం సందిగ్ధత లేకుండా, సంపూర్ణంగా, పరీక్షించి తేల్చుకోదగినట్లుగా ఉండాలంటాయి. అవి ప్రధానంగా రాతకు పెట్టిన గుణాలు, మాటలకు కావు. నాకు దారి చూపింది ఐబీఎంలో పనిచేసిన మైకేల్ ఫాగన్ 1976లో ప్రచురించిన తనిఖీ పద్ధతి. డిజైన్‌కూ కోడ్‌కూ ఉద్దేశించిన ఆ పద్ధతిలో, సమావేశంలో ఎన్ని లోపాలు దొరికాయో నమోదు చేస్తారు. అదే చూపుతో, సమావేశంలోనే బయటపడిన అస్పష్టతలెన్ని, కోడింగ్‌లోనో టెస్టింగ్‌లోనో ఆలస్యంగా తేలినవెన్ని అని మేము లెక్కించడం మొదలుపెట్టాం.

ఒక ఖాతాదారు "పాత సరుకు ఉంటే హెచ్చరిక రావాలి" అన్నప్పుడు అందరూ తలూపి రాసుకున్నారు. ధర కోసం నెలల తరబడి మిర్చిని దాచే కోల్డ్ స్టోరేజీలను చిన్నప్పటి నుంచి చూసిన గుంటూరు అమ్మాయి, మా టెస్టర్, మాత్రం ఆగి అడిగింది: వయసును కోత తేదీ నుంచి లెక్కించాలా, గిడ్డంగిలో చేరిన తేదీ నుంచా, సరుకు మరో గిడ్డంగికి మారితే లెక్క మళ్లీ మొదలవుతుందా? ఖాతాదారు దగ్గర వెంటనే జవాబు లేదు. ఆనాడు రాసుకున్న వాటిలో తర్వాత మార్పు అడగకుండా నిలిచింది ఆ అంశమే.

లెక్కలో మరొకటి కూడా కనిపించింది. శీతాకాలంలో జర్మనీ మధ్యాహ్నం మూడంటే విజయవాడలో రాత్రి ఏడున్నర, బెంజి సర్కిల్ వైపు వెళ్లే ఆఫీసు బస్సు మీదే అందరి ధ్యాసా. ఆ వేళ ప్రశ్నలు సగానికి సగం తగ్గేవి. అందుకని సమావేశాన్ని జర్మనీ ఉదయానికి మార్పించాం.

ఒక్కొక్కరు అడిగిన ప్రశ్నల సంఖ్యను అప్రైజల్‌లో, అంటే ఉద్యోగి పనితీరు మదింపులో, చేరుద్దామని ఒక మేనేజరు ప్రయత్నించగా, బటన్ రంగుల మీద కూడా ప్రశ్నలు వెల్లువెత్తాయి. ఇప్పుడు పేర్లు లేకుండా బృందం మొత్తానికీ కలిపి లెక్కించి, విడుదల తర్వాత బయటపడే అస్పష్టతలతో పోలుస్తున్నాం. దానికి కొన్ని నెలలైనా పడుతుంది, అంతవరకు యాజమాన్యం ఓపిక పడుతుందో లేదో చూడాలి.