జహీరాబాద్ బస్సులో వార్డు మెంబరమ్మ

పాత పంటల జాతర చూద్దామని మాచునూర్ బయల్దేరాను. ఇప్పుడు తలుచుకుంటే జాతర కంటే అక్కడికి వెళ్లిన పల్లెవెలుగు బస్సే ఎక్కువ గుర్తొస్తోంది. జహీరాబాద్‌లో ఒంటరిగా ఉన్నానని చూసి ఆటో అతను నాలుగు వందలు అడిగాడు. ఒళ్లు మండి ఝరాసంగం వైపు బస్సెక్కితే కాలు పెట్టే సందు లేదు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక రోజూ ఇంతేనట. ఒళ్లో కొర్రల మూట పెట్టుకున్న ఒక పెద్దావిడ జరిగి చోటిచ్చింది.

ఆమెదీ జాతర దారే. 2019లో వార్డు మెంబరుగా గెలిచిందట.

"మొదట్ల మీటింగుకు మా ఆయనే పోతుండె. సంతకానికి రిజిస్టర్ ఇంటికొస్తుండె," అంది.

"మరి మీరెప్పుడు వెళ్లడం మొదలుపెట్టారు?"

"సంఘంల అన్నేండ్లు మాట్లాడినదాన్ని బిడ్డా. పంచాయతీల నోరెందుకు మూసుకోవాలె?"

ఆ సంఘాలు పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవి. 1980ల నుంచి ఈ చుట్టుపక్కల చిన్న రైతులైన ఆడవాళ్లు, ఎక్కువగా దళితులు, వాటిలో కూడి బీళ్లను సాగులోకి తెచ్చారు. జొన్న, కొర్ర, సామ విత్తనాలు తమ దగ్గరే దాచుకున్నారు. 2008 నుంచి సొంత రేడియో నడుపుతున్నారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ అవార్డు వచ్చింది.

పంచాయతీలో ఈమె కొట్లాట ఉపాధి హామీ పనుల గురించి. మిగతా మెంబర్లు సిమెంటు రోడ్డంటే, ఈమె పేదల చేలల్లో రాళ్లు ఏరించి గట్లు వేయించాలని పట్టుబట్టింది. "రోడ్డు మీద జొన్న మొలుస్తదా?" అని అడిగిందట. చివరికి కొన్ని చేలకైనా పని మంజూరైంది.

వింటుంటే నాకు మా ఊరు గుర్తొచ్చి కోపం వచ్చింది. తెనాలి దగ్గర పల్లె మాది. పంచాయతీల్లో మహిళా రిజర్వేషన్ 1990లలో మూడో వంతు సీట్లతో మొదలై, 2013 ఎన్నికల నాటికి సగం సీట్లకు పెరిగింది. మా సర్పంచ్ కూడా ఆడమనిషే. కానీ ఊరంతా 'ప్రెసిడెంటు గారు' అని పిలిచేది ఆవిడ భర్తని! ఫ్లెక్సీల్లోనూ ఆయన ఫొటోయే పెద్దది. సీటు ఇస్తే సరిపోదు. నలుగురిలో నిలబడి మాట్లాడే అలవాటు ముందే ఉండాలి, అది ఈ సంఘాల్లో వచ్చింది.

"మీ వార్డు జనరల్ అయితే మళ్లీ నిలబడతారా?" అన్నాను.

"జనరల్ అంటే మొగోళ్లదే అని రాసిపెట్టిండ్రా?"

జాతరలో అలంకరించిన ఎడ్లబండ్లు, బుట్టల నిండా విత్తనాలు చూశాను, జొన్నరొట్టె తిన్నాను. ఎండకు తల పగిలిపోయింది, నీడే లేదు. బస్సు దిగేముందు ఆమె అడిగిన మాటే బుర్రలో తిరుగుతోంది: "మీ ఊర్ల గ్రామసభకు ఆడోళ్లు ఎందరొస్తరు?"

రాత్రి అమ్మకు ఫోన్ చేసి అదే అడిగాను. "గ్రామసభ ఎప్పుడు పెడతారో మాకెవరు చెప్పారే?" అంది. టముకు వేయిస్తే ఖర్చెంత? ఈసారి తేదీ నేనే కనుక్కుని అమ్మనీ, పిన్నినీ, మా వీధి వాళ్లందరినీ పంపిస్తాను.