చెడ్డరోజు ఒంటితో చూసి కొన్న సైకిలు

పాప పుట్టిన మూడో నెల నుంచి నాకు నడుం నొప్పి. అప్పటికి నాకు 29 ఏళ్ళు. సూళ్ళూరుపేటలో అమ్మ "బాలింతప్పుడు చల్లగాలి తగిలింది, నడుం కట్టు సరిగ్గా కట్టుకోలేదు" అంది. చెన్నైలో చూపించుకున్న డాక్టరు కూడా కాన్పు తర్వాత ఇదంతా మామూలేనన్నాడు. బరువులెత్తకండి, రెస్టు తీసుకోండి అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆరేళ్ళు రెస్టు తీసుకున్నాను. తీసుకున్నకొద్దీ ఒళ్ళు బిగుసుకుపోయింది.

తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో నొప్పితో మెలకువ వచ్చేది. పక్కకి ఒత్తిగిలాలంటే మంచం పట్టె పట్టుకుని ఒళ్ళంతా చెక్కలా ఒకేసారి తిప్పాలి. లేచాక గంటన్నర దాకా వంగి బకెట్టు ఎత్తలేకపోయేదాన్ని. అదే వంటింట్లో అటూ ఇటూ తిరిగి పాపని బడికి పంపేసరికి కాస్త వదులయ్యేది. పడుకుంటే పెరిగి కదిలితే తగ్గే నొప్పి. దాన్ని గురించి ఎవరైనా ముందే అడిగుంటే ఆ ఆరేళ్ళు పోయేవి కావని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చివరికి అడిగింది కంటి డాక్టరు. ఒక కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక వెళ్తే యువైటిస్, అంటే కంటి లోపలి వాపు అని చెప్పి, చుక్కల మందు రాస్తూ రాస్తూ ఆగి, "పొద్దున లేవగానే నడుం బిగదీస్తుందా అమ్మా?" అంది. కంటికీ నడుముకీ సంబంధమేమిటో నాకు తెలియలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు. ఆవిడే కీళ్ళవాతం జబ్బులు చూసే రుమటాలజిస్టు దగ్గరికి పంపింది. ఈ జబ్బున్నవాళ్ళలో ఎక్కువగా కనబడే హెచ్‌ఎల్‌ఏ బీ27 జన్యువు కోసం చేసిన రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. ఎంఆర్‌ఐలో వెన్నెముక అడుగున, తుంటి ఎముకతో కలిసేచోట ఉండే కీళ్ళలో వాపు కనబడింది. జబ్బు పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ళ మీద, ఒక్కోసారి కంటి మీద కూడా పడుతుంది. పట్టించుకోకపోతే వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు.

ముందు మాత్రలు, అవి చాలక రెండు వారాలకొకసారి ఆ రోగనిరోధక శక్తి దూకుడు తగ్గించే అడాలిముమాబ్ ఇంజెక్షన్. అమ్మ ఊరి నుంచి వచ్చి తిరువాన్మియూరులో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న మరుందీశ్వరుడి గుడికి తీసుకెళ్ళింది. తమిళంలో మరుందు అంటే మందే. అగస్త్యుడికి వైద్యం నేర్పిన శివుడట. అమ్మ అక్కడ నిలబడి ఎంతసేపు దణ్ణం పెట్టుకుందో! నేను కూర్చుంటే లేవలేనని స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను.

మూడు నెలల్లో నొప్పి సగానికి దిగింది. బిగువు మాత్రం అలాగే ఉంది. "మందు వాపును తీస్తుంది, కదలిక మీరే తెచ్చుకోవాలి" అంది ఫిజియోథెరపిస్టు. ఆవిడ గదిలో ఒక మూల వాలుకుర్చీ లాంటి సీటున్న సైకిలుంది, కదలని రకం. పెడల్స్ కింద కాదు, కాళ్ళకి ఎదురుగా ఉంటాయి. వీపు మొత్తం ఆనించి ఐదు నిమిషాలు తొక్కాను. తొడలు మండాయి, చెమట పట్టింది, నడుం ఊసెత్తలేదు. ఆరేళ్ళలో అలసట నాకు నొప్పి లేకుండా రావడం అదే మొదలు.

రోడ్డు మీద తొక్కాలనిపించింది. మా ఆయన సైకిలు నేనెక్కితే పది నిమిషాలకే దిగిపోవాల్సొచ్చింది. ముందుకు వంగితే రోడ్డు కనబడ్డానికి మెడ ఎత్తాలి, నా మెడ అంత ఎత్తదు. మణికట్ల మీద బరువు, చిన్న సీటు మీద మిగతా బరువంతా. ఒళ్ళంతటి బరువు వీపుకీ పిరుదులకీ పంచి, చేతుల్నీ మెడనీ వదిలేసేది రికంబెంట్ అనే వాలు సైకిలు ఒక్కటే.

అందులో రెండు చక్రాలవీ ఉన్నాయి, మూడు చక్రాలవీ ఉన్నాయి. రెండు చక్రాలది నేను ముట్టుకోలేదు. బయల్దేరేటప్పుడు తూకం కుదిరేదాకా తూలుతుంది. బిగుసుకున్న వెన్నెముక చిన్నగా పడ్డా విరగొచ్చని డాక్టరు గట్టిగా చెప్పి ఉన్నాడు. మూడు చక్రాల్లో మళ్ళీ రెండు రకాలు. ముందు రెండు, వెనక ఒకటి ఉంటే టాడ్‌పోల్ అంటారు. ముందు ఒకటి, వెనక రెండు ఉంటే డెల్టా.

అడయారులో ఒక పెద్దాయన దగ్గర టాడ్‌పోల్ ఉందని తెలిసి సాయంత్రం వెళ్ళాం. నేలకి అడుగు ఎత్తున సీటు, మలుపులో కదలకుండా అతుక్కుని పోతుంది. చాలా నచ్చేసింది. కొనేద్దామని మా ఆయనతో అన్నాను. ఎందుకో మనసు ఒప్పక మర్నాడు పొద్దున ఆరున్నరకి మళ్ళీ వెళ్ళాను. కూర్చోవడమైతే పడిపోయినట్టు కూర్చున్నాను. లేవడానికి ముందు చక్రాల మీద చేతులు వేసి నొక్కాను, బండి వెనక్కి జారింది. బ్రేకు పట్టుకుంటే ఒక చెయ్యి పోయినట్టే. మోకాళ్ళు గుండెల దాకా వచ్చాయి, నడుం పైకి రాలేదు. ఆ పెద్దాయన "ఉండమ్మా" అని చంకల కింద చేతులేసి లేపాడు. సాయంత్రం నా ఒళ్ళు వేరు, పొద్దుటి నా ఒళ్ళు వేరు. సైకిల్ని చెడ్డరోజు ఒంటితోనే చూడాలి. నొప్పి ఉన్నవాళ్ళెవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది ఇదే.

చివరికి సెకండ్‌హ్యాండులో డెల్టా తీసుకున్నాం, లక్ష దాటింది. సీటు దాదాపు మామూలు కుర్చీ ఎత్తు. పక్కనుంచి కూర్చుని కాళ్ళు లోపలికి తిప్పుకోవచ్చు. మలుపులో వేగంగా తిప్పితే ఒక పక్క చక్రం లేస్తుంది, అందుకని నెమ్మదిగా తిప్పుతాను. వల అల్లిక సీటు కావడం చెన్నై ఉక్కలో ఎంత మేలో, వీపుకి గాలాడుతుంది. బాగా వెనక్కి వాలిస్తే మళ్ళీ మెడే పట్టేసింది, రెండు మెట్లు నిలబెట్టాక సర్దుకుంది. మెడ పక్కకి తిరగదు కాబట్టి అద్దాలు రెండు వైపులా. ఎత్తు తక్కువ బండి బస్సు డ్రైవర్లకి కనబడాలని వెనక పొడుగు కర్రకి నారింజ జెండా.

అత్తయ్యకి మాత్రం కష్టమేసింది. "కాళ్ళు లేనివాళ్ళ బండిలా ఉందే, నలుగురూ ఏమనుకుంటారు?" అంది. కాళ్ళు లేనివాళ్ళ బండైతే మాత్రం తప్పేముంది అత్తయ్యా అన్నాను. తర్వాత నెమ్మదిగా చెప్పాను. 1933లో పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఆయన ఇలాంటి వాలు సైకిలు మీద గంటలో 45 కిలోమీటర్లు దాటి రికార్డు కొట్టాడు. ఆ మరుసటి ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ఇది అసలు సైకిలే కాదని పోటీల నుంచి తీసేసింది. లేకపోతే ఈపాటికి వీధికొకటి ఉండేదని నాకు గట్టి నమ్మకం. అత్తయ్య ఏమీ అనలేదు గానీ, జెండా మాసిపోతే ఉతికి ఆరేసింది ఆవిడే.

మొదటి నెల ఒక తప్పు చేశాను. ఇందులో పెడల్ మీద నిలబడి తొక్కలేం. వీపు సీటుకి దన్నిచ్చి బరువు గేరులో బలంగా తన్నాను, మోకాళ్ళు వాచాయి. ఫిజియో వచ్చి చూసి, కాలు పూర్తిగా చాచినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండేలా పెడల్స్ ఉన్న గొట్టాన్ని జరిపి, తేలిక గేరులో కాళ్ళు గబగబా తిప్పమంది. పాదం జారి బండి కిందకి పోకుండా మడమకి పట్టీలు పెట్టించింది.

చెన్నైలో ఎత్తుపల్లాలు పెద్దగా లేవు, నాకు అది వరం. పొద్దున్నే ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఎక్కితే ముట్టుకాడు వంతెన దాకా దాదాపు చదునే. అక్కడిదాకా వెళ్ళడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. వంతెన మీద బండి ఆపి, లేవకుండానే, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని నీళ్ళు చూశాను. టీ పట్టుకుని పక్కన నిలబడ్డ కుర్రాడు "ఎలా ఉందక్కా?" అని తమిళంలో అడిగితే వెంటనే మాట రాలేదు.

జబ్బు పోలేదు. గురువారం మళ్ళీ ఇంజెక్షన్ ఉంది. నిన్న చెడ్డరోజు. గేటు దాటకుండా అపార్టుమెంటు కిందనే నాలుగు చుట్లు తొక్కాను. పాప వెనక నడుస్తూ లెక్కపెట్టింది. ఎడమ అద్దం వదులైంది, దాన్ని బిగించాలి.