తొమ్మిది మంది కొడుకులు, ఒక మైనపు మొక్కు

మొక్కంటే మనకు చాలావరకు బేరమే. బిడ్డకు జ్వరం తగ్గితే తలనీలాలు, ఉద్యోగమొస్తే నూటెనిమిది ప్రదక్షిణలు. ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రిటనీ సీమలో ‘బోసెన్ ఎలియాంట్’ అనే పాట ఉంది. ఎలియాంట్ ఊరిని మహమ్మారి ఊడ్చేసిన కథ. అందులో ఒక తల్లి మొక్కుకునేనాటికి తొమ్మిది మంది కొడుకులూ పోయారు. శవాలన్నీ ఒకే బండి మీద ఉన్నాయి. ఆ బండి లాగేది తల్లే. వెనక తండ్రి ఈల వేసుకుంటూ వస్తున్నాడు, మతి చెడి.

ఆమె దేవుణ్ణి అడిగింది బిడ్డల ప్రాణాలు కాదు, ఆరడుగుల నేల. వాళ్లను మట్టి చేయిస్తే నీ గుడి గోడలకు మూడు చుట్లు, నీ సన్నిధికి మూడు చుట్లు వచ్చేంత మైనపు తాడు ఇస్తానంది. మైనం పట్టించిన పొడవాటి వత్తితో చర్చిని చుట్టి మొక్కు తీర్చుకోవడం అక్కడి పాత ఆచారం. కొడుకులందరూ పోయాక దేవుడితో బేరమాడటానికి ఆమె దగ్గర ఏం మిగిలింది? అయినా ఇస్తానంటోంది. భక్తి అన్న మాట నేను ఇలాంటి చోటే ఒప్పుకుంటాను.

లా విల్‌మార్కే అనే ఆయన 1839లో అచ్చువేసిన బ్రిటనీ జానపద గీతాల సంకలనం ‘బర్జాజ్ బ్రెయిజ్’లో ఈ పాట ఉంది. పోయినవాళ్లు 7,100 మంది అంటుంది పాట. అది జనాభా లెక్క కాదులెండి, గుండె లెక్క. ఊరి నడిమధ్య గడ్డి కోసుకునేంత ఏపుగా పెరిగిందట, శవాల బండి చక్రాల జాడలో తప్ప. శ్మశానం గోడల దాకా నిండి, చర్చి మెట్ల దాకా నిండి, చివరికి పొలాలను పవిత్రం చేసి పూడ్చాల్సి వచ్చింది. మిగిలింది అరవయ్యేళ్ల ముసలమ్మ, ఆమె ఒక్కగానొక్క కొడుకు.

ఆ ఇద్దరూ ఎలా మిగిలారన్నదానికీ ఒక కథ చెబుతారు. తెల్లబట్టల దొరసాని ఏటి ఒడ్డున కూర్చుని, నన్ను దాటించమని ఒక మిల్లు కుర్రాణ్ణి అడిగింది. దాటించాక, నేనే మహమ్మారిని, నీకూ మీ అమ్మకూ భయం లేదంది. తర్వాత జనం ఆమె మీద పాట కట్టారు. గుట్టు బయటపడిందని ఆమె పారిపోయిందట! మనం అమ్మవారిని బోనమెత్తి, బతిమాలి పొలిమేర దాటిస్తాం. వాళ్లు పాడి తరిమారు.

ఇలాంటి పాటలను పాతకాలంలో వాద్యం లేకుండా గొంతుతోనే పాడేవారు. బ్రిటనీలో మరుగున పడిపోయిన హార్ప్ అనే తీగల వాద్యం 1950లలో సంగీతకారుడు అలన్ స్టివెల్, అతని తండ్రి చేతుల్లో మళ్లీ లేచింది. ఇప్పుడు ఆ తీగల మీద పాత బాణీలు వింటే హాయిగా ఉంటాయి. నా మటుకు ఈ పాటకు అంత హాయి పనికిరాదు. ఆ తల్లి మొర గొంతులోనే వినాలి.