మెటల్ వాల్వా, టిష్యూ వాల్వా: నేను తేల్చుకున్న తీరు

గుండె వాల్వు మార్చాలనగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఏది మంచిది?" అనే. దీనికి డాక్టర్లు సూటిగా జవాబివ్వరు, ఇవ్వలేరు కూడా. మెటల్ వాల్వు మామూలుగా జీవితాంతం పనిచేస్తుంది, కానీ బతికినన్నాళ్లూ రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటూ రక్తపరీక్షలు చేయించుకోవాలి. టిష్యూ వాల్వుకి ఆ గొడవ తక్కువ, కానీ 10-15 ఏళ్లకు పాడవుతుంది, అప్పుడు మళ్లీ ఆపరేషన్. వయసు తక్కువైతే ఇంకా త్వరగా పాడవుతుందట. డెబ్బై దాటినవాళ్లకి టిష్యూ అని తేలిగ్గానే చెప్పేస్తారు. నాలాగా 51 ఏళ్లవాళ్ల దగ్గరే వస్తుంది తంటా.

చిన్నప్పుడు నాకు గొంతునొప్పి, జ్వరం, ఆ వెనకే మోకాళ్ల వాపులు వచ్చాయని అమ్మ చెబుతుంది. అది రుమాటిక్ ఫీవర్ అనీ, కీళ్లు తగ్గిపోయినా గుండె వాల్వుని దెబ్బతీస్తుందనీ అప్పట్లో మా ఊళ్లో ఎవరికి తెలుసు? పాప పుట్టాక ఆయాసం వస్తే, గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు సన్నబడిందని బెలూన్‌తో వెడల్పు చేశారు. అదే ఇన్నేళ్లు లాక్కొచ్చింది. ఈమధ్య విజయవాడ వన్‌టౌన్‌లో నా కుట్టు షాపు మెట్లు ఎక్కాలంటేనే మధ్యలో ఆగాల్సి వచ్చేది. ఎకో తీస్తే వాల్వు మళ్లీ మూసుకుపోతోంది, పైగా లీకు. కాల్షియం పట్టేసింది కాబట్టి ఇంకో బెలూన్ కుదరదు, రిపేరూ కుదరదు అన్నారు. రిపేరు సంగతి మాత్రం మీరు గట్టిగా అడిగి తెలుసుకోండి. సొంత వాల్వుని బాగుచేసే వీలుంటే అసలు ఈ చర్చే అక్కర్లేదు.

మొదట చూపించుకున్న చోట సర్జన్ ఫైలు తిరగేసి, "మెటల్ వేసేద్దామమ్మా, డేట్ తీసుకోండి" అని లేచారు. ఆయన మాట తప్పని నేననను. కానీ బ్లౌజుకి ఏ లైనింగ్ వేయాలో తేల్చడానికే నేను కస్టమర్‌తో పావుగంట మాట్లాడతాను. అందుకే గుంటూరులో ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్లాం.

ఈయన సొరుగులోంచి శాంపిల్ వాల్వు తీసి నా చేతిలో పెట్టారు. మెటల్ అంటారు గానీ రెక్కలు నల్లగా నిగనిగలాడుతున్నాయి, కార్బన్ అట. రెండు అర్ధచంద్రాకారపు రెక్కలు, వేలితో తోస్తే తెరుచుకుంటాయి, తిప్పి పట్టుకుంటే టక్కున మూసుకుంటాయి. నా కళ్లు మాత్రం చుట్టూ ఉన్న తెల్లటి గుడ్డ రింగు మీదే. పాలిస్టర్ అల్లిక, అతుకు ఎక్కడుందో కనపడనివ్వలేదు. ఆ రింగులోంచే దారాలు పోనిచ్చి గుండెకు కుడతారట. "సైజెంత సార్?" అంటే ఆయన నవ్వి, "లోపల కొలిచాక చెబుతా" అన్నారు. ఎకోలో అంచనా తెలుస్తుంది గానీ, పాత వాల్వు తీసేసి సైజర్లు అనే కొలత పరికరాలు పెట్టి చూశాకే ఏ నంబరు సరిపోతుందో తేలుస్తారు.

టిష్యూ వాల్వుని ఫొటోలో చూపించారు. ఆవు జాతి పశువుల గుండె చుట్టూ ఉండే పొరతో గానీ, పంది వాల్వుతో గానీ చేస్తారు. అమ్మ ముఖం చూసి, "అలాంటిది వద్దనేవాళ్లు ఉన్నారు, మొహమాటపడకుండా చెప్పండి" అన్నారాయన. "పిల్ల బతకడమే ముఖ్యం గానీ, రెండూ ఒకటే అయితే మాత్రం ఆవుది వద్దు బాబూ" అని అమ్మ చెప్పేసింది.

ఆ తర్వాత ఆయన అడిగినవన్నీ మా ఇంటి సంగతులు. ఐ.ఎన్.ఆర్., అంటే రక్తం ఎంత పల్చబడిందో చూసే పరీక్ష, చేసే ల్యాబ్ ఎంత దూరం? మాత్రలు మర్చిపోతుంటారా? కడుపులో పుండు లాంటివి ఉన్నాయా? నెలసరి ఆగిందా? ఈ చివరిది అంతకుముందు ఎవరూ అడగలేదు. నాకు ఇంకా ఆగలేదు, పైగా ఎక్కువగా అవుతోంది. ఈ మాత్రలతో అది ఇంకా పెరగొచ్చు, ముందు గైనకాలజిస్టుకి చూపించుకుని రమ్మన్నారు. ఇంకా పిల్లలు కావాలనుకునే అమ్మాయిలకైతే లెక్కే వేరు. రక్తం పల్చబడటానికి ఇచ్చే వార్ఫరిన్ లాంటి మాత్రలు కడుపులో బిడ్డకు హాని చేయగలవు కాబట్టి, రెండో ఆపరేషన్ ఉంటుందని తెలిసీ కొందరు టిష్యూ వైపే మొగ్గుతారట.

మా వారిది మొదట్నుంచీ టిష్యూ పార్టీ. "నెలనెలా సూదులెందుకు?" అని ఆయన వాదన. మా మరిది ఇంకో అడుగు ముందుకేసి, "పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయి వదినా, మెటల్ వేయించుకుని అవి వాడుకోవచ్చు" అన్నాడు. సర్జన్ ఒప్పుకోలేదు. డాబిగాట్రాన్ అనే కొత్త మందుని మెటల్ వాల్వు ఉన్నవాళ్లలో పరీక్షిస్తే, రక్తం గడ్డకట్టడమూ రక్తస్రావమూ రెండూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారట. ఆ ఫలితాలు 2013లోనే వచ్చాయి. మెటల్‌కి పాత మందులే దిక్కు: వార్ఫరిన్, లేదా మన దగ్గర చాలామందికి రాసే ఎసిట్రోమ్.

అసలు లెక్క తేల్చింది నా గుండె దడ. గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వల్ల నేను అప్పటికే ఎసిట్రోమ్ మీద ఉన్నాను. "టిష్యూ వేసినా దడ పోకపోతే రక్తం పల్చబడే మందు ఏదో ఒకటి వేసుకోవాల్సిందే. ఇక మీకు టిష్యూతో కలిసొచ్చేదేముంది?" అన్నారు. పైగా అరవై దాటాక మళ్లీ ఛాతీ తెరవాలి. లోపల అంతా అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి రెండోసారి ఇంకా కష్టం. పాడైన టిష్యూ వాల్వు లోపలే, కాలి రక్తనాళం గుండా ఇంకోటి పెట్టే పద్ధతి ఉంది. దాని ఖర్చు విన్నాక మా వారి పార్టీ రద్దయిపోయింది.

మెటల్‌తో ఉన్న ప్రమాదమూ ఆయన దాచలేదు. మాత్ర మానేస్తే వాల్వు మీద గడ్డ కట్టి రెక్కలు ఇరుక్కుపోవచ్చు, లేదా ఆ గడ్డ మెదడుకి పోయి పక్షవాతం రావచ్చు. డోసు ఎక్కువైతే రక్తస్రావం. మైట్రల్ మెటల్ వాల్వుకి ఐ.ఎన్.ఆర్. సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు, నాటు మందులు సొంతంగా మింగకూడదు. మొదటి ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో ఆకుకూరలు పూర్తిగా నిషేధం. గుంటూరు గడ్డ మీద కూర్చుని గోంగూర మానేయమంటే ఎలా? ఈయన మానేయమనలేదు. ఒక వారం రోజూ తిని ఇంకో వారం అసలు ముట్టకపోతే అందులోని విటమిన్ కె వల్ల ఐ.ఎన్.ఆర్. ఊగుతుంది, ఎప్పుడూ ఒకే కొలతలో తినండి అన్నారు.

డబ్బు విషయం. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద వాల్వు మార్పిడి ఉంది. కార్డు ఉంది కదా అని ఊరుకోకుండా ఏ వాల్వు వేస్తారో, పైన ఏమైనా కట్టాలో ముందే కనుక్కోండి. మామూలుగా మెటల్ కన్నా టిష్యూది ధర ఎక్కువ. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం తయారుచేసిన చిత్ర వాల్వు గురించీ అడిగాను. ఒకే బిళ్ల వాలుతూ తెరుచుకునే రకం అది. 1990 నుంచి మనవాళ్లకి అమరుస్తున్నారు, ధర కూడా తక్కువే. నాకు మాత్రం రెండు రెక్కలదే ఖాయం చేశారు.

తర్వాతివి చకచకా జరిగాయి. యాంజియోగ్రామ్ తీశారు. పళ్ల డాక్టర్ పుచ్చిపోయిన పన్ను ఒకటి పీకేశారు, అక్కడి క్రిములు రక్తంలోకి చేరి కొత్త వాల్వుకి పట్టుకోకుండా. ఆపరేషన్‌లో లోపల కొలిస్తే 29 సైజు సరిపోయింది. మొదట్లో తరచూ పరీక్షలు, ఇప్పుడు నెలకోసారి, మా వీధి చివరి ల్యాబ్‌లోనే. గది నిశ్శబ్దంగా ఉంటే టిక్ టిక్ వినపడుతుంది, ఫ్యాన్ వేస్తే వినపడదు.

డిశ్చార్జి అప్పుడు వాల్వు కంపెనీ, మోడల్, సైజు, సీరియల్ నంబరు ఉన్న కార్డు అడిగి తీసుకోండి. దాని ఫొటో ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి. పన్ను పీకించుకోవాలన్నా ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి కాబట్టి, డెంటిస్టు దగ్గర నోరు తెరిచే ముందే ఆ కార్డు చూపించండి.